సెల్‌ఫోన్, ఇంటర్నెట్: చట్టం ఇచ్చిన సదుపాయాలు, విధించిన గడువులు

సెల్‌ఫోన్, ఇంటర్నెట్ వల్ల నిత్యజీవితంలో కలిగే మేలు అనగానే డబ్బు పంపడం, టికెట్టు తీసుకోవడం, దూరాన ఉన్న బంధువులతో మాట్లాడడం వంటివే ప్రస్తావనకు వస్తాయి. అయితే ఇటీవలి చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు ఈ సాధనాలకు మరొక స్థానాన్ని కూడా కల్పించాయి. నేడు ఫోన్ ద్వారా పంపిన సమాచారం ఫిర్యాదుగా, ఫోన్‌లో చూపిన పత్రం అసలు పత్రంగా, ఫోన్‌లో నిలిచిన సంభాషణ సాక్ష్యంగా చెల్లుతాయి. కాని ఈ మూడింటికీ గడువులు, షరతులు ఉన్నందువల్ల, వాటిని ఎరిగిన పౌరునికే ఈ సదుపాయాల ఫలం దక్కుతుంది.

ఇంటర్నెట్‌కు రాజ్యాంగ రక్షణ

అనూరాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఇంటర్నెట్ ద్వారా భావాలను ప్రకటించడానికీ, వృత్తి వ్యాపారాలు సాగించడానికీ రాజ్యాంగంలోని 19వ అధికరణం రక్షణ కల్పిస్తుంది. ఇంటర్నెట్ సేవలను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదు, నిలిపివేసే ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించి తీరాలి. యాసిడ్ దాడి బాధితులు, దృష్టిలోపం ఉన్నవారు బ్యాంకు తదితర సేవల కోసం తమ గుర్తింపును ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవడంలో ఎదుర్కొంటున్న ఇబ్బందులపై 2025 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది.

స్టేషనుకు వెళ్లకుండానే ఫిర్యాదు

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్, కాగ్నిజబుల్ నేరం గురించిన సమాచారాన్ని ఎలక్ట్రానిక్ మార్గంలో కూడా పోలీసులకు ఇవ్వవచ్చునని చెబుతోంది. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరాన్ని కాగ్నిజబుల్ నేరం అంటారు. దొంగతనం, దోపిడీ, అత్యాచారం, హత్య ఈ కోవలోకి వస్తాయి. ఇలా సమాచారం పంపిన వ్యక్తి మూడు రోజుల్లోగా దానిపై సంతకం చేస్తేనే అది ఎఫ్ఐఆర్‌గా నమోదవుతుంది కాబట్టి, సందేశం పంపి ఊరుకున్నంత మాత్రాన పని పూర్తయినట్లు భావించకూడదు. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా మరే స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. జీరో ఎఫ్ఐఆర్‌గా వ్యవహరించే ఈ పద్ధతి ఇప్పుడు చట్టంలోనే చేరింది. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు లేదా బాధితునికి ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా తపాలాలో పంపవచ్చు, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయడం పోలీసుల విధి కాగా, ఆ సమాచారాన్ని ఫోన్ ద్వారా పంపినా చెల్లుతుంది.

ఖాతాలో డబ్బు పోయినప్పుడు

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినప్పుడు తొలి కొన్ని గంటలే కీలకం. కేంద్ర హోంశాఖ నిర్వహణలోని 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే, మోసగాళ్లు విత్‌డ్రా చేసుకునే లోపు ఆ సొమ్మును మధ్యలోని ఖాతాల్లో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. దీనితో పాటు బ్యాంకుకు కూడా విడిగా తెలియజేసి, ఫిర్యాదు సంఖ్యను తప్పక తీసుకోవాలి. ఎందుకంటే నష్టం ఎవరు భరించాలన్నది ఆ ఫిర్యాదు చేసిన సమయాన్ని బట్టే తేలుతుంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నిర్దేశించిన సూత్రాల ప్రకారం, లోపం బ్యాంకుదే అయితే ఖాతాదారుపై ఎలాంటి భారమూ పడదు. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, లావాదేవీ గురించి బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే ఖాతా రకాన్ని బట్టి పరిమితమైన మొత్తాన్నే భరించవలసి ఉంటుంది. ఓటీపీని ఇతరులకు చెప్పడం వంటి అజాగ్రత్త ఖాతాదారుదే అయినప్పుడు, బ్యాంకుకు తెలియజేసేంతవరకు జరిగిన నష్టం అతనిదే, ఆ తర్వాత జరిగినది బ్యాంకుది. ఖాతాదారుదే తప్పని రుజువు చేయవలసిన బాధ్యతను ఆ సూత్రాలు బ్యాంకుపైనే ఉంచాయి.

ఫోన్‌లోని పత్రం ఎప్పుడు చెల్లుతుంది?

పత్రాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే డిజీలాకర్‌లో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2017లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. డ్రైవింగ్ లైసెన్సును గాని, ఆర్‌సీని గాని అందులో చూపితే తనిఖీ అధికారి అంగీకరించాలి. అయితే లైసెన్సును ఫొటో తీసి ఫోన్ గ్యాలరీలో దాచుకున్నవారికి ఈ రక్షణ వర్తించదు.

సాక్ష్యంగా సందేశాలు, రికార్డింగులు

అప్పు తీసుకున్నట్లు ఒప్పుకుంటూ పంపిన వాట్సాప్ సందేశం, బెదిరింపు కాల్ రికార్డింగు, ప్రమాదాన్ని చిత్రించిన వీడియో వంటివన్నీ ఎలక్ట్రానిక్ రికార్డులు. వాటిని కోర్టులో ఎలా దాఖలు చేయాలో భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ వివరిస్తుంది. ప్రింటు తీసిన కాగితాన్నో, పెన్‌డ్రైవ్‌లోకి మార్చిన ఫైలునో దాఖలు చేసేవారు దానితో పాటు ధ్రువపత్రం జతచేయాలి; అందులో ఒక భాగాన్ని దాఖలు చేసే వ్యక్తి, మరొక భాగాన్ని నిపుణుడు పూర్తిచేసి, ఫైలు హాష్ విలువను, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా తానూ మారిపోయే గుర్తింపు సంకేతాన్ని, నమోదు చేస్తారు. అసలు ఫోన్‌నే దాని యజమాని బోనులో నిలబడి చూపగలిగినప్పుడు ధ్రువపత్రం అక్కరలేదని పాత సాక్ష్య చట్టం అమల్లో ఉన్న కాలంలో, 2020 జూలైలో, అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వివాదం తేలేవరకు అసలు సందేశాన్ని తొలగించకూడదు, ఆ ఫోన్‌ను అమ్మకూడదు, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంటి నుంచే కోర్టు, కార్యాలయం

కేసుకు కేటాయించిన 16 అంకెలు, అక్షరాల సీఎన్ఆర్ సంఖ్య తెలిసిన కక్షిదారు తన వాయిదా తేదీని, ఉత్తర్వులను ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. వస్తువు ఎక్కడ కొన్నా, వినియోగదారుడు తాను నివసించే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పించింది; చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలు దాటకపోతే రుసుము ఉండదు గాని, సమస్య తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించిన ‘మన మిత్ర’ ద్వారా పలు ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే లభిస్తున్నాయి. ఫోన్ పోయినవారు సంచార్ సాథీ పోర్టల్‌లో, 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఆధారంగా, దానిని మరెవరూ వాడలేకుండా నిలిపివేయించవచ్చు.

ఫోన్‌తో అరెస్టు లేదు

ఇన్ని పనులు ఫోన్‌లో జరుగుతున్నందువల్లనే, అరెస్టు కూడా ఫోన్‌లో జరుగుతుందని మోసగాళ్లు నమ్మించగలుగుతున్నారు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే అధికారం భారతదేశంలో ఏ పోలీసుకూ, ఏ న్యాయమూర్తికీ లేదు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలోనే లేదు. నిందితుడిని విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్ ద్వారా పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అందువల్ల ప్రతి కుటుంబమూ అత్యవసర సహాయానికి 112, సైబర్ మోసాలకు 1930, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లను ఇంట్లోని పెద్దల ఫోన్లతో సహా అన్నింటిలోనూ భద్రపరచుకోవాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఫిర్యాదు ఎక్కడ చేసినా దాని సంఖ్యను, తేదీని, సమయాన్ని రాసి ఉంచుకోవాలి. గడువులోగా ఫిర్యాదు చేసినట్లు చూపగల ఆధారం అదే.