ఎర్ర కణం ఆయుష్షు ఎంత?

గొర్రెల మందలో మన గొర్రెను ఎలా గుర్తుపడతాం? వీపున రంగు పూస్తాం. మరి రక్తంలో కణాన్ని గుర్తుపట్టడం ఎలా?

రక్తం ఎర్రగా ఉండేది ఎర్ర కణాల వల్ల. అవి కంటికి ఆనవు. ఒక్క చుక్కలో కోట్ల కణాలుంటాయి. ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. కొన్నాళ్లు ఒళ్లంతా తిరిగి, ముసలివై పోతాయి. ఎన్నాళ్లు? అన్నీ ఒకేలా ఉంటాయి కదా! ఏది నిన్న పుట్టిందో, ఏది మొన్న పుట్టిందో ఎవరు చెప్పగలరు?

ఈ చిక్కు విప్పడానికి ఒక ఆడమనిషి పూనుకుంది. ఆమె పేరు వినిఫ్రెడ్ ఆష్బీ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో పనిచేసేది. అక్కడ ‘ఏ’ గ్రూపు రోగికి ‘ఓ’ గ్రూపు రక్తం ఎక్కించారు. ఆ ‘ఓ’ కణాలే రంగు పూసిన గొర్రెలన్నమాట. ఆమె కొన్ని రోజులకోసారి రోగి రక్తం కొంచెం తీసేది. అందులో సీరం అనే ద్రవం కలిపేది. ‘ఏ’ కణాలు ముద్దకట్టేవి. ‘ఓ’ కణాలు విడిగా ఉండేవి. మైక్రోస్కోపులో చూస్తూ వాటిని లెక్కపెట్టేది. ఎంత ఓపిక! నెల దాటినా అవి కనిపించాయి. ఈ సంగతి 1919లో అచ్చయింది.

డేవిడ్ షెమిన్ అనే శాస్త్రవేత్త వేరే దారి పట్టాడు. ఆనవాలు పట్టగల ఒక పదార్థాన్ని మూడు రోజులు తానే తిన్నాడు. నెలల తరబడి తన రక్తమే తీసి చూసుకున్నాడు. ఆ లెక్క 1946లో వెలువడింది. ఎర్ర కణం సుమారు 120 రోజులు, అంటే నాలుగు నెలలు బతుకుతుందని తేలింది.

గూట్లో 120 పిడకలున్నాయనుకోండి. రోజూ ఒక పక్క పాతది తీస్తాం. ఇంకో పక్క కొత్తది పెడతాం. అన్నీ కొత్తవి కావాలంటే 120 రోజులు పడుతుంది. రక్తమూ అంతే.

పోయిన కణంలోని ఇనుమును ఒళ్లు వృథా చేయదు, మళ్లీ వాడుకుంటుంది. కానీ నెలసరిలో, కాన్పులో రక్తంతోపాటు ఇనుమూ బయటికి పోతుంది. తిండిలో అంత ఇనుము రాకపోతే కొత్త కణాలు పాలిపోయి పుడతాయి. నీరసం, ఆయాసం వస్తాయి.

‘‘ఐరన్ మాత్రలు వారం మింగాను. ఏం తేడా లేదమ్మా’’ అని నర్సుతో అనేవాళ్లున్నారు. వారంలో మారేది ఏడు పిడకలే! అందుకే గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు మాత్రలు ఇస్తారు. మలం నల్లగా వస్తే భయం లేదు. మాత్రతోపాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసం మంచిది. కడుపులో తిప్పితే మాత్ర మానేయకుండా, అన్నం తిన్నాక వేసుకోవచ్చు.