సుంకం తగ్గినా దూది ఆ మేరకు చౌక కాలేదు

పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు ఎత్తివేసింది. సుంకం పోతే దూది ఆ మేరకు చౌక కావలసిందే. కాని పై దేశపు సరుకుకు ధర డాలర్లలో పలుకుతుంది, ఇక్కడ చెల్లించేది రూపాయలు.

డాలరు 87 రూపాయలుండగా నూరు డాలర్ల దూది ఖరీదు 8,700. దానిపై సుంకం 957. సుంకం తీసేస్తే కొన్నవారికి ఆ 957 మిగలాలి. డిసెంబరు మొదటి వారంలో డాలరు 90 దాటింది. 90 చొప్పున అదే దూదికి 9,000 అవుతుంది. అంటే మిగులులో 300 రూపాయలు, దాదాపు మూడోవంతు, మారకంలోనే కరిగింది. ఖజానా మాత్రం సుంకం మొత్తాన్నీ వదులుకుంది.

ఆ లోటును అప్పుతో పూడిస్తే దిగుమతులకు గిరాకీ తగ్గదు, రూపాయిపై ఒత్తిడి తగ్గదు. ఆ ఏడాది రూపాయి పడడానికి విదేశీ పెట్టుబడులు తరలిపోవడం, అమెరికా విధించిన సుంకాలు కూడా కారణాలే.

పొందూరు సన్న ఖద్దరుకు వాడే కొండపత్తికి డాలరుతో పనిలేదు. దూదిని ఏకే వాలుగ చేప దవడకూ లేదు. రాట్నం తిప్పే ఇంటికి ఉంది: దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదన్న 2025 బడ్జెట్ వరం ఆ గడప తొక్కదు, నూనె ధర తొక్కుతుంది. రూపాయి పడితే పొందూరు పంచె విదేశీ కొనుగోలుదారుకు చౌకే. చిలపకిచ్చే రేటు పెంచితే తప్ప ఆ లాభం నూలు వడికేవారికి దక్కదు.