ఫోను వీపుకో సన్నని తొడుగు

కాశీబుగ్గ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

టెక్కలి హాస్టలు నుంచి నువ్వు పంపిన పెట్టె అందింది. అందులోని అట్ట నమూనాను మీ అత్త కూడా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఫోను వెనక తొడుగు, తొడుగులోనే వేలిముద్ర మిషను, దాని పక్కన చిన్న బ్యాటరీ. వేలాడే తీగ లేదు. మొత్తం మందం 12 మిల్లీమీటర్లు దాటకూడదని పెన్సిలుతో రాశావు. ఆలోచన మంచిది, అవసరమైనది కూడా. పింఛన్లు పంచే రోజున వజ్రపుకొత్తూరు, మందస, కవిటి ఊళ్లలో గ్రామ సచివాలయం ఉద్యోగి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మిషను, రెంటినీ కలిపే ఓటీజీ తీగ, చంకన డబ్బు సంచితో ఇల్లిల్లూ తిరుగుతాడు. మంచం పట్టిన మనిషి వేలు పట్టి మిషను మీద ఆనించాలంటే మూడో చెయ్యి కావాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న మన ఉద్దానంలో అలాంటి ఇళ్లు ఎన్నున్నాయో నీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అట్ట నమూనా తర్వాత ప్లాస్టిక్‌కు వెళ్లేముందు, ఇదే దారిలో ముందు నడిచినవాళ్ల కథ తెలుసుకో.

2000లో కంపాక్ కంపెనీ ఐప్యాక్ అనే చేతి కంప్యూటరును తెచ్చింది. ఆ రోజులకు అది నాజూకైన యంత్రం. అయితే మెమరీ కార్డు పెట్టుకోవడానికి ఒంట్లో చోటు లేదు. చోటు కావాలనుకున్నవాళ్లు వీపున ఒక జాకెట్టు తొడిగేవారు. అడుగున 100 పిన్నుల కనెక్టరు, జాకెట్టులో ఒక చిన్న మెమరీ చిప్పు ఉండేవి. తొడగగానే ఆ చిప్పును చదివి, తన మీదకు వచ్చింది ఏ రకం జాకెట్టో యంత్రం తెలుసుకునేది. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుకు ఒక జాకెట్టు, పీసీ కార్డుకు మరొకటి. పీసీ కార్డు పొడవు, వెడల్పు మన ఏటీఎం కార్డుతో సమానం: 85.6, 54 మిల్లీమీటర్లు. మందం మాత్రం మామూలుగా 5 మిల్లీమీటర్లు. కాంపాక్ట్‌ఫ్లాష్ అందులో సగం కన్నా చిన్నది, మందం 3.3 మిల్లీమీటర్లు. కార్డు ఇంత పలచనైనా జాకెట్టు తొడిగాక యంత్రం చొక్కా జేబులో పట్టేది కాదు. దాంతో కొందరు ఆ జాకెట్లను కోసి, అరగదీసి, సొంతంగా సన్నవి చేసుకున్నారు.

ఇక్కడే నీకు పాఠముంది. పీసీ కార్డు జాకెట్టు లావులో పెద్ద వాటా దాని సొంత బ్యాటరీది. అప్పటి వైర్‌లెస్ కార్డులు కరెంటు బాగా తాగేవి. బ్యాటరీ తీసేస్తే జాకెట్టు సన్నబడుతుంది నిజమే, కానీ ఆ బరువంతా ఐప్యాక్ బ్యాటరీ మోయాలి. మెమరీ కార్డు ఒక్కటే వాడేవాడికి అది లెక్కలోకి రాని బరువు. రోజంతా నెట్‌వర్క్ మీద ఉండేవాడికి మధ్యాహ్నానికే యంత్రం పడుకుంటుంది. ఒకే కోత ఒకరికి లాభం, మరొకరికి నష్టం. లావు ఎందుకుందో తెలిసినవాడే ఏ కోత తనకు పనికొస్తుందో చెప్పగలడు.

మీ మామయ్యకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. 2004లో మామయ్యే ఒక జీడి వ్యాపారి సరుకు లెక్కలు రాసుకునే చేతి యంత్రానికి సన్నని తొడుగు చేసిపెట్టాడు. కనెక్టరు చుట్టూ ఉన్న రబ్బరు అంచు ఊరికే చోటు తింటోందని తీసేశాడు. రెండు మిల్లీమీటర్లు తగ్గాయి, అందరూ మెచ్చుకున్నారు. సోంపేట వైపు తీరంలో ఒక్క వానాకాలం గడిచేసరికి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టింది. ఆ సీజను లెక్కలు సగం పోయాయి. ఉప్పుగాలిని ఆపుతున్నది ఆ రబ్బరే. తీసేముందు అది అక్కడ ఎందుకుందని ఒక్కసారి ఆలోచించినా ఆ వ్యాపారికి నష్టం తప్పేది.

రెండో కథ హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీది. 1999లో వచ్చిన వైజర్ యంత్రం వీపున స్ప్రింగ్‌బోర్డ్ అనే అర ఉండేది. కెమెరా, జీపీఎస్, చివరికి ఫోను కూడా బిళ్లల్లా చేసి ఆ అరలోకి దూర్చేవారు. ఎన్నో చిన్న కంపెనీలు ఆ బిళ్లలనే నమ్ముకున్నాయి. 2002లో హ్యాండ్‌స్ప్రింగ్ ట్రియో ఫోనును తెచ్చింది. ఫోను లోపలికే వచ్చేసింది, అర లేదు. ఆ బిళ్లలన్నీ ఒక్కసారిగా అనాథలయ్యాయి. 2016లో మోటొరోలా, వీపున అయస్కాంతంతో అతుక్కునే మోటో మాడ్స్ తెచ్చినప్పుడు, తర్వాత వచ్చే ఫోన్లకూ అవే సరిపోవాలని ఫోను ఆకారాన్నే కట్టడి చేసుకుంది. అదీ మూడు నాలుగేళ్లే నడిచింది. నీ తొడుగుకూ ఈ గండం ఉంది. సచివాలయంలో ఇవాళ ఉన్న ఫోను మోడలు రెండేళ్ల తర్వాత ఉండదు. కాబట్టి సర్క్యూటు బోర్డును, ఫోనును పట్టుకునే ప్లాస్టిక్ గుల్లను విడివిడిగా గియ్యి. ఫోను మారితే గుల్ల మాత్రమే మళ్లీ అచ్చువేసుకోవచ్చు, బోర్డు అదే ఉంటుంది.

మూడోది మన పక్క రాష్ట్రంలో పుట్టింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్‌ను రూపొందించారు. 2001లో నమూనా చూపించారు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీతో అమిడా అనే పేరున అది అంగట్లోకి వచ్చింది. ఐప్యాక్‌లో ఉన్న స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పే ఇందులోనూ ఉంది. అయితే వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. పల్లెలో ప్రతి మనిషీ ఒక కంప్యూటరు కొనుక్కోలేడు కదా, ఒకే యంత్రం ఊరంతా పంచుకోవాలంటే ఏం కావాలి? స్మార్ట్ కార్డు పెట్టే సందు కావాలని తేల్చారు. ఎవరి వివరాలు వారి కార్డులో ఉంటాయి. కార్డు పెడితే యంత్రం వారిది, తీస్తే పక్కవారిది. యంత్రం అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. చవక ఫోన్లు దాన్ని దాటి వెళ్లిపోయాయి. అయినా ఆ సందు పెట్టిన తీరు నువ్వు గుర్తుంచుకోవాలి. పల్లెలో యంత్రం ఎలా చేతులు మారుతుందో చూశాకే వాళ్లు ఏది ఉండాలో నిర్ణయించుకున్నారు.

ఇక నీ నమూనా సంగతికి వద్దాం.

నువ్వు గీసిన 12 మిల్లీమీటర్లలో వేలిముద్ర మిషను పట్టదు. ఎందుకో చూడు. ఎక్కువ మిషన్ల లోపల గాజు పట్టకం ఉంటుంది. కింద దీపం, పక్కన చిన్న కెమెరా. వేలి గీతల మీద పడిన వెలుతురు కెమెరాకు చేరడానికి కొంత దూరం కావాలి. ఆ దూరమే మిషను మందం. దాన్ని అరగదీయడం అంటే చూపును అరగదీయడం. పైగా ఆధార్‌కు వాడే మిషనుకు ఎల్-1 ప్రమాణం ఉండాలి, అంటే వేలిముద్రను గుప్తం చేసే పని మిషను లోపలి చిప్పులోనే జరగాలి. దానికి కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ ధ్రువీకరణ ఉంటుంది. విప్పి కోసిన మిషనుకు ఆ ధ్రువీకరణ చెల్లదు. ఒక ముసలమ్మ వేలిముద్ర ఎక్కడికి పోతుందో తెలియని యంత్రాన్ని ఆమె ముందు పెట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి మిషను పెట్టెను ముట్టుకోవద్దు, దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకునే గుల్ల చెయ్యి. వీపు మీద కాకుండా ఫోను కింది అంచు దగ్గర, అదే వరసలో కూర్చోబెట్టు. పొడవు పెరుగుతుంది, కానీ రెండు మందాలు ఒకదాని మీద ఒకటి పడవు.

అక్కడ పెడితే ఇంకో లాభం: ఓటీజీ తీగ మొత్తం పోతుంది. టైప్-సీ ప్లగ్గు ఉన్న చిన్న బోర్డు చాలు. నీ వైపు సీసీ పిన్ను నుంచి గ్రౌండుకు 5.1 కిలో ఓముల రెసిస్టరు పెట్టు. అవతల పరికరం తగిలిందని ఫోను తెలుసుకుని తానే కరెంటు ఇస్తుంది. బోర్డు మామూలు 1.6 మిల్లీమీటర్లది కాకుండా 0.8ది చేయించుకో. ఒక జాగ్రత్త మాత్రం మరవకు. గట్టి ప్లగ్గుకు బరువైన మిషనును వేలాడదీస్తే అది గునపంలా పనిచేస్తుంది, ఒక్కసారి కింద పడితే ఫోను సాకెట్టు ఊడి వస్తుంది. బరువు గుల్ల మోయాలి, ప్లగ్గు కరెంటును మాత్రమే మోయాలి.

బ్యాటరీ విషయంలో తొందరపడకు. ముందు ఊహ కాకుండా నిజమైన కొలత కావాలి: యూఎస్‌బీ మీటరు తగిలించి, యాభై ఇళ్లు తిరిగితే మిషను ఎంత తాగుతుందో చూడు. వేలు ఆనించిన కొద్ది క్షణాలే అది గట్టిగా తాగుతుంది కనుక, తొడుగులో బ్యాటరీ అక్కర్లేదనే మామయ్య అంచనా. తీసేస్తే నాలుగైదు మిల్లీమీటర్లు, ఉబ్బే బ్యాటరీ భయం, అది ఫోను వైపు కరెంటు తోసే చిక్కు, మూడూ పోతాయి. అయితే 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మన ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో నువ్వు చూశావు. కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ పడిపోయాయి. అలాంటి రోజుకు విడిగా ఒక పవర్ బ్యాంకు సంచిలో ఉండాలి. దాన్ని తగిలించే దారి నీ తొడుగు మూసెయ్యకూడదు.

గుల్లను పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో అచ్చువేయించకు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెడితే వంకర పోతుంది. పీఈటీజీ 80 వరకూ ఓర్చుకుంటుంది. ప్లగ్గు చుట్టూ రబ్బరు అంచు తప్పకుండా ఉంచు, బోర్డుకు పైపూత వేయించు. అచ్చు, పరీక్షల కోసం విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో ఏ సదుపాయాలున్నాయో మీ గురువుల చేత అడిగించు. హైదరాబాదులో 2023లో తెరిచిన టీ-వర్క్స్ కూడా ఇలాంటి నమూనాల కోసమే పెట్టింది.

అన్నిటికంటే ముఖ్యం, వేళ్లు. పలాస బట్టీల్లో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. తొక్కలోని రసం అంటితే చర్మం కాలి పొరలు లేస్తుంది. నూనె, బూడిద రాసుకున్నా పూర్తిగా ఆగదు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన వేలి మీద గీతలు అరిగిపోతాయి. మిషను ఎంత మంచిదైనా ఆ వేలిని గుర్తుపట్టలేక మళ్లీ మళ్లీ పెట్టమంటుంది. అందుకే నీ గుల్ల ఫోను కెమెరాకు అడ్డం రాకూడదు. ఆధార్‌కు ముఖ గుర్తింపు కూడా చెల్లుతుంది, దానికి ఫోను తప్ప వేరే మిషను అక్కర్లేదు. కొన్నాళ్లకు పింఛను ఇళ్లన్నీ ఆ దారినే పోవచ్చు, అప్పుడు నీ తొడుగు అవసరం తగ్గవచ్చు. దానికి బాధపడకు. అప్పటిదాకా ఆ ఉద్యోగికీ, మంచం మీది మనిషికీ ఒక్క నెల సులువైనా నీ పని వ్యర్థం కాదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు గుల్ల ఎలా ఉంటే అలా పట్టుకురా, నునుపు చేయనక్కర్లేదు. మీ అత్త పదిహేనేళ్లు బట్టీలో పిక్కలు ఒలిచింది. రేషన్ షాపులో ఆమె వేలు మూడోసారికి గానీ పడదు. మొదటి పరీక్ష ఆమె కుడి బొటనవేలితోనే చేద్దాం. మర్నాడు అక్కుపల్లి తీరానికి వెళ్లి ఉప్పుగాలిలో ఒక పూట ఉంచి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య