లేని ఎనిమిది వరసలు

లింబాయత్, సూరత్

చిరంజీవి శ్రావణికి,

చీర డిజైనుకు రంగులు మార్చి చూపే ప్రోగ్రాం రస్ట్ భాషల రాస్తున్నవని మీ బాపు చెప్పిండు. సంతోషం బిడ్డా. మన పద్మశాలోళ్లు మగ్గాల కోసం వచ్చిన ఊరికి పనికొచ్చే పనే పట్టినవ్.

రింగ్ రోడ్ మార్కెట్ల ఒక దుకాణంల విండోస్ ఉంటది, పక్కదాంట్ల యాపిల్ లాప్‌టాప్, సేటు చేతిల ఆండ్రాయిడ్ ఫోను. జీపీయూను పలకరించే దారి వీటికి వేర్వేరు: డైరెక్ట్‌3డీ 12, మెటల్, వల్కన్. డబ్ల్యూజీపీయూ లైబ్రరీతోటి ఒక్కసారి రాస్తే, కింద ఏది ఉంటే దాని మీద నడుస్తది. ఫైర్‌ఫాక్స్‌ల వెబ్‌జీపీయూకు కూడా ఇదే ఆధారం. కాకపోతే పాత బ్రౌజర్ల వెబ్‌జీఎల్ మీదికి దిగితే బొమ్మ గీస్తది గానీ కంప్యూట్ ఉండది.

నీ డిజైను 5000 × 5000 చుక్కలనుకో. ఒక చుక్క రంగు మార్చనీకి పక్క చుక్కతోటి పనిలేదు, అందుకే ఇది జీపీయూకు తగిన పని. వర్క్‌గ్రూపు 16 × 16 పెట్టు. ఒక గ్రూపుకు డిఫాల్టు పరిమితి 256, సరిగ్గా సరిపోతది. 5000ను 16తోటి భాగిస్తే 312న్నర. సగం గ్రూపును పంపలేం గనక 313 పంపాలె, అంటే 5008. ఆ ఎనిమిది వరసలు డిజైన్ల లేనే లేవు, అయినా షేడర్, అంటే జీపీయూ మీద నడిచే నీ కోడ్, వాటికీ నడుస్తది. అడ్డంగ అంచు దాటిన చుక్క, బఫర్ లెక్కల కింది వరస మొదట్ల పడ్తది. అది బఫర్ లోపలి జాగనే గనక ఏ తనిఖీకీ దొరకది. ఎరుపును నీలం, నీలాన్ని పసుపు చేసే పట్టిక ఉంటే, ఎడమ అంచున కొన్ని ఎర్రచుక్కలు రెండుసార్లు మారి పసుపైతయి, అదీ ఒక్కోసారి ఒక్కో తీరుగ. షేడర్ మొదట్లనే, అడ్డం గానీ నిలువు గానీ 4999 దాటితే వెనక్కి మళ్లాలని రాయి.

చుక్కకు 4 బైట్లు, మొత్తం 10 కోట్లు. స్టోరేజి బఫరును షేడర్‌కు కట్టే డిఫాల్టు పరిమితి 13.42 కోట్లు, పడ్తది. రేపు డిజైనరు 6000 × 6000 తెస్తే 14.4 కోట్లు. నీ లాప్‌టాప్ ఇంకా ఎక్కువ ఇస్తానంటది. తీసుకోకు! అంత ఇయ్యలేని ఫోన్ల డివైసే తయారు కాదు. డిజైనును ముక్కలు చేసి పంపు.

సబ్మిట్ అంటే పని అప్పజెప్పుడే. ఫలితాన్ని చదివే బఫర్లకు కాపీ చేసి, మ్యాప్ అసింక్ పిలిచి, పోల్ చేసి, పని అయ్యేదాక ప్రోగ్రాంను ఆపినంకనే చూడాలె. బ్రౌజర్ల అట్ల ఆపి కూసునుడు కుదరది, కాల్‌బ్యాక్ వచ్చేదాక ఆగాలె.

దీపావళికి వస్తవు గద, ప్రోగ్రాం పట్టుకరా. ఇక్కడ అందరికన్న పాత ఫోను నాదే.

దీవెనలతో,
పెద్దబాపు