చేతిలో పొగ ఉండగా గ్లాసులోనూ పొగేనా?

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మీ మేనేజరు ఇంటి పెరట్లో శనివారం సిగార్లు కాలుస్తారనీ, ఈసారి విస్కీ తెచ్చే వంతు నీదనీ, ఏది కొనాలో తెలియడం లేదనీ రాశావు. ఫోన్లో చెబితే సగం విని సగం వదిలేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. షాపుకి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకో.

అక్కడ ఎవర్నడిగినా ముందు ఒకే మాట చెబుతారు: సిగార్‌కి పొగ వాసనుండే విస్కీయే జోడు అని. నువ్వు మాత్రం ఆ జోలికి పోకు. స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా అని ఒక దీవి ఉంది. అక్కడ మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి పీట్ కాలుస్తారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని గట్టిపడ్డ నాచూ గడ్డీ అది. ఆ పొగ గింజకు పట్టి సీసా దాకా వస్తుంది. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ మూత తీస్తే చాలు, టింక్చర్ అయోడిన్ లాంటి ఘాటు గుప్పుమంటుంది. గొప్ప విస్కీలే, కాదనను. కానీ అలవాటు లేని నాలుకకు సిగార్ పొగా విస్కీ పొగా కలగాపులగమై, చివరికి రెండింటి రుచీ తెలియదు. పొగ ఎలాగూ నీ చేతిలోనే ఉంది. దానిలో లేనిది గ్లాసును అడగాలి. అంటే తీపి, పండు, కాస్త మసాలా.

ఆ మూడూ ఒకేచోట దొరికేది షెర్రీ పీపాల్లో. స్పెయిన్ దక్షిణాన హెరెథ్ ప్రాంతంలో చేసే వైన్ షెర్రీ. అది నానిన ఓక్ పీపాల్లో విస్కీని ఏళ్ల తరబడి ఉంచితే ఎండుద్రాక్ష, అంజీర, దాల్చినచెక్క రుచులు దిగుతాయి. ఈ రకంలో మొదటి సీసాగా నేను చెప్పేది గ్లెన్‌డ్రోనక్ 12. స్కాట్లాండ్ హైలాండ్స్‌లో 1826లో పెట్టిన డిస్టిలరీ అది. ఒలొరోసో, పెడ్రో హిమెనెజ్ అనే రెండు రకాల షెర్రీ పీపాలు వాడతారు. ఆల్కహాలు 43 శాతం. నోటిని మొద్దుబార్చదు, అలాగని పొగ ముందు తేలిపోదు. పక్కనే డాల్మోర్ వాళ్ల ‘సిగార్ మాల్ట్’ కనిపిస్తుంది. పేరులో సిగార్ ఉంది కదా అని ఎగబడకు. మంచిదే, అందులోనూ షెర్రీ పీపాల పాత్ర ఉంది. కానీ మొదటి సీసాకే అంత డబ్బు పొయ్యక్కర్లేదు.

ఖర్చు ఇంకా తగ్గించుకోవాలంటే నువ్వున్నది అమెరికా కనుక బర్బన్ ఉండనే ఉంది. అక్కడి చట్టం ప్రకారం బర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. లోపలంతా మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ చెయ్యాలి. ఆ మాడిన చెక్కలోంచే వెనిలా, కారమెల్ రుచులు వస్తాయి. మేకర్స్ మార్క్‌లో మొక్కజొన్నకు తోడు రై అనే ధాన్యం బదులు గోధుమ వేస్తారు కనుక ఘాటు తక్కువ, తీపి ఎక్కువ.

మన దేశపు సీసా పట్టుకెళ్లాలని మనసు పడితే బెంగళూరు అమృత్ ఫ్యూజన్ అడుగు. మన బార్లీకి తోడు స్కాట్లాండ్ నుంచి తెప్పించిన పీట్ బార్లీ కొంత కలుపుతారు. పొగ ఉంటుంది గానీ మీద పడదు. 50 శాతం ఆల్కహాలు కనుక నీళ్లు మర్చిపోకు. సీసా మీద వయసు అంకె లేదని మీ మేనేజరు పెదవి విరిస్తే ఈ లెక్క చెప్పు: స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరు ఎండకు 10 శాతం పైనే పోతుంది. ఇక్కడ విస్కీ తొందరగా ముదురుతుంది, పన్నెండేళ్లు ఉంచితే అడుగున మిగిలేది కొద్దిగానే. అన్నట్టు, ఇంటికొచ్చినప్పుడు నీ స్నేహితులు వైన్ షాపులో కొనే చవక క్వార్టర్లను దీనితో పోల్చకు. వాటిలో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ స్పిరిట్. ధాన్యంతో చేసింది కాదు కనుక యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు.

ఇక ఆకు సంగతి. అది నా వృత్తి కనుక కాస్త విను. మన గుంటూరు వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి పెట్టి పండిస్తే, సిగార్ ఆకును గాలికి ఆరబెట్టి, గుట్టలుగా మండెలు కట్టి మగ్గబెడతారు. మండె లోపల పుట్టే వేడికి ఆకు కారం తగ్గి వాసన తేలుతుంది. గోదావరి లంకాకు చుట్ట కాల్చిన మీ తాతయ్యకు ఈ వైభోగాలేవీ లేవనుకో. నువ్వు మాత్రం కనెక్టికట్ రాపర్ అడుగు. గుడ్డ పందిళ్ల నీడన పెంచిన లేత రంగు పైఆకు అది, మెత్తగా కాలుతుంది. నల్లటిది ఘాటనీ తెల్లటిది చప్పననీ అనుకోకు. మడూరో పైఆకు ఎక్కువ మగ్గడం వల్ల నల్లబడుతుంది, ఒక్కోసారి తియ్యగానే ఉంటుంది. అసలు ఘాటు లోపల చుట్టిన ఆకుది, అందులోనూ మొక్క పైభాగాన ఎండ తిన్న లిహెరో ఆకుది. రోబస్టో సైజు చాలు. సుమారు 5 అంగుళాల పొడవు, ముప్పావుగంట కాలుతుంది.

తాగే పద్ధతి చెబుతాను. ముప్పై ఎం.ఎల్. పొయ్యి. ముందు రా గా ఒక గుక్క, తర్వాత నాలుగు చుక్కల నీళ్లు వేసి ఇంకో గుక్క. వాసన విచ్చుకోవడం నీకే తెలుస్తుంది. ఐసు ముక్కలు వేస్తే రుచి ముడుచుకుపోతుంది, కోక్ పోస్తే నేను చెప్పిందంతా వృథా. పొగను గుండెల్లోకి పీల్చకు, నోట్లో తిప్పి వదిలెయ్యి. నిమిషానికి ఒక్క దమ్ము మించితే సిగార్ వేడెక్కి చేదెక్కుతుంది. దమ్ము వదిలాక గుక్క, గుక్క తర్వాత మంచినీళ్లు. స్టఫ్‌గా కారం చికెన్ పకోడీ పెట్టుకుంటే మంట తప్ప ఏమీ తెలియదు. ఉప్పు తక్కువ జీడిపప్పో డార్క్ చాక్లెటో పెట్టుకో. ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోకు. నికోటిన్‌కి చెమటలు పట్టి కడుపులో తిప్పుతుంది. అలా అయితే సిగార్ పక్కన పెట్టి కాస్త తీపి తిను.

మీ అమ్మ అడిగితే చూపించాల్సిన పేరా ఇది. మందూ పొగాకూ విడివిడిగానే క్యాన్సర్ కారకాలు. రెండూ కలిస్తే నోటికీ గొంతుకీ ముప్పు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. పొగ మింగకపోతే ఏమీ కాదనేవాళ్లకు మన శ్రీకాకుళం తీరం చూపించు. చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగిన ఆడవాళ్లలో అంగిటి క్యాన్సర్‌ను డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. అందుకే ఇది ఎప్పుడో ఒకనాటి సరదాగానే ఉండాలి. వారం వారం పిలుస్తారు, అన్నిసార్లూ వెళ్లక్కర్లేదు. వెళ్లినా సిగార్ ముట్టించక్కర్లేదు, గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పొచ్చు.

కాబట్టి ఈ శనివారానికి గ్లెన్‌డ్రోనక్ 12 తీసుకో, కనెక్టికట్ రోబస్టో ఒకటి కొను, ఇంట్లో కడుపునిండా అన్నం తిని బయల్దేరు. కారు ఇంట్లోనే వదిలి ఉబర్‌లో వెళ్లు. ఎవరైనా ఆర్డ్‌బెగ్ తెస్తే వద్దనకు, సిగార్ అయిపోయాక విడిగా రుచి చూడు. ఏది నచ్చిందో నాకు రాయి, రెండో సీసా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మామయ్య