స్పార్క్ ప్లగ్ ఎప్పుడు మార్చాలి?

మన ఇళ్లలో కారు తోలి సంసారం ఈదే అన్నలు, బాబాయిలు చాలామంది ఉన్నారు. మనం చదివే సైన్సు వాళ్లకు ఎలా పనికొస్తుందో చూద్దాం.

పెట్రోలు ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని మండించేది స్పార్క్ ప్లగ్. డీజిల్ ఇంజనుకు ఇది ఉండదు. ప్లగ్ కొనలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సుమారు 1 మి.మీ. ఖాళీ ఉంటుంది. నిప్పురవ్వ దూకిన ప్రతిసారీ లోహం కాస్త అరిగి, ఆ ఖాళీ పెరుగుతుంది. అప్పుడు రవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ భారం ఇగ్నిషన్ కాయిల్‌పై పడుతుంది.

గుర్తులు:
1. బండి త్వరగా స్టార్ట్ కాదు.
2. నిలిపి ఉంచినప్పుడు ఇంజను వణుకుతుంది.
3. మిస్సింగ్ వస్తుంది, పికప్, మైలేజీ తగ్గుతాయి.

అయితే ఈ గుర్తులు కనిపించేదాకా ఆగకూడదు. మామూలు నికెల్ ప్లగ్గులు సుమారు 30,000 నుంచి 50,000 కి.మీ., ఇరిడియం ప్లగ్గులు చాలా బళ్లలో 1,00,000 కి.మీ. దాకా పనిచేస్తాయి. కచ్చితమైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆలస్యం చేస్తే, మండని పెట్రోలు పొగగొట్టం దారిలోని కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదు ఏపాటి?

విప్పిన పాత ప్లగ్గును పారేయకుండా చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోంది. నూనె తడి ఉంటే ఇంజనాయిల్ లోపలికి దిగుతోంది. తెల్లగా పొక్కితే వేడి మితిమీరింది. ఈ మూడింటిలో కొత్త ప్లగ్ వేస్తే చాలదు, కారణాన్ని సరిచేయించాలి.

ఇంజను చల్లారాకే విప్పించాలి, అన్ని ప్లగ్గులూ ఒకేసారి మార్పించాలి.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆ ఇంగ్లీషు పుస్తకం తీసి, మీటరులోని కిలోమీటర్లతో సరిచూసి, ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పండి. మన చదువు ముందుగా మన ఇంటికి అక్కరకు రావాలి.