అరికాళ్లు కూడా చూడాలి

దేవరకొండ

చిరంజీవి శ్రీనుకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన సన్‌స్క్రీన్ అందింది. ఎండకు పత్తి చేనుకు పోతే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తుందని ఫోన్‌లో చెప్పావట. మీ అమ్మకు బెంగ పట్టుకుంది.

బ్రిస్బేన్‌లో నువ్వు విన్నది నిజమే. ఈ జబ్బు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా ఆస్ట్రేలియా వాళ్లకే వస్తుంది. అక్కడి తెల్లవాళ్ల చర్మం ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆగదు. మన చర్మంలోని మెలనిన్ వాటిని చాలావరకు ఆపుతుంది కాబట్టి మనకు మెలనోమా అరుదు. కానీ వస్తే ఎక్కువగా ఎండ తగలని చోటే, అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివేలి గోటి కిందే బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

నా బాధంతా ఇక్కడే, బిడ్డా. ఉత్తకాళ్లతో నాట్లేసే మన ఆడవాళ్ల పాదాలు నీకు తెలియనివా? మడమలు పగిలి, ముళ్లు దిగి, ఆనెలు కాసి ఉంటాయి. అక్కడ నల్లమచ్చ లేస్తే ఎవరు పట్టించుకుంటారు? ఆనె అనుకొని బ్లేడుతో చెక్కుతారు, జీడి పెడతారు. పుండు మానదు. గజ్జల్లో బిళ్ల కట్టాకగానీ దవాఖానకు రారు. అప్పటికే జబ్బు పాకి ఉంటుంది. నర్సుగా చేసినన్నాళ్లూ ఇట్లాంటి ఆలస్యాలే నన్ను ఏడిపించాయి.

అమ్మకు నువ్వే నచ్చచెప్పు. తలకు పోసుకున్న నాడు కాళ్లు రుద్ది కడుక్కొని, వెలుతురులో అరికాళ్లు చూసుకోమను. మచ్చ పెరుగుతున్నా, అంచు వంకరపోయినా, రంగు ఒక్కతీరుగా లేకున్నా, గోటి మీది నల్లగీత వెడల్పవుతున్నా చర్మం డాక్టరుకు చూపించాలి. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో అంటారు. అది అబద్ధం. పలచగా ఉన్నప్పుడే కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖాన ఉంది. ఆరోగ్యశ్రీ ఉంది, 2007లో అది మొదలైన మూడు జిల్లాల్లో మన పక్క పాలమూరు ఒకటి.

ఎండతో భయం లేదనుకోకు. మే నెలలో మన దిక్కు 45 డిగ్రీలు దాటుతుంది, వడదెబ్బ ప్రాణమే తీస్తుంది. పొద్దెక్కకముందే ఇల్లు చేరమని అమ్మకు గట్టిగా చెప్పు.

సన్‌స్క్రీన్‌ను మన వాడకట్టులో పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని పిల్లోడికి ఇప్పించాను. ఎండవల్ల చర్మ క్యాన్సర్ ముప్పు నిజంగా ఉన్నది వాడికే. వీలైతే ఇంకో రెండు పంపు.

ఈ ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు అమ్మను అరికాళ్లు చూపించమని అడుగు.

మీ అత్త